దొంగ గుంపు: మన లెక్కను మింగేస్తున్న యంత్రాల చరిత్ర



రిగ్గింగు అంటే ఏమిటో మన వాడల్లో ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. అది రెండు రకాలుగా జరిగేది. ఒకటి, లేని మనుషుల పేరు మీద ఓట్లు గుద్దేయడం. చనిపోయినవాళ్లు, ఊరొదిలి వలస పోయినవాళ్లు, అందరూ పొద్దున్నే వచ్చి ఓటేసి పోయినట్టు లెక్క తేలేది. రెండోది, ఉన్న మనుషుల్ని బూతు దాకా రానివ్వకపోవడం. తెల్లారేసరికి క్యూ నిండా తమ మనుషుల్నే నిలబెడితే చాలు. కూలికి పోవాల్సినవాళ్లు ఎంతసేపని నిలబడతారు? చూసి చూసి తిరిగి వెళ్లిపోతారు. ఎవరినీ కొట్టలేదు, ఎవరినీ పొమ్మనలేదు. ఓటు మాత్రం పడలేదు.

ఇంటర్నెట్‌లో దొంగ బాట్ ట్రాఫిక్ అనేది సరిగ్గా ఈ రెండు పనులే చేస్తుంది. బాట్ అంటే మనిషి వేలు తగలకుండా తనంతట తానే పేజీలు తెరిచే ప్రోగ్రాం. అన్ని బాట్లూ చెడ్డవి కావు. గూగుల్‌లో వెతికితే మన వ్యాసం దొరుకుతోందంటే ఒక బాట్ ముందే వచ్చి దాన్ని చూసి పోబట్టే. మనం మాట్లాడుకోవాల్సింది దొంగ గుంపు గురించి. ఒక చోట అది లేని పాఠకుల్ని ఉన్నట్టు చూపిస్తుంది. ఇంకో చోట ఉన్న పాఠకుల్ని లోపలికి రానివ్వదు.

సొంత వెబ్‌సైట్లు పెట్టుకుని రాస్తున్న మన పిల్లలు చాలామంది దీన్ని టెక్నికల్ సమస్య అనుకుంటున్నారు. ఏదో ప్లగిన్ వేస్తే పోతుందిలే అనుకుంటున్నారు. టెక్నికల్ సంగతి నిజమే, దాని దగ్గరికీ వస్తాను. కానీ దాని వెనక ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలియకుండా గేటు కడితే మనవాళ్లనే బయట నిలబెట్టే గేటు కడతాం.

లెక్క మనకెందుకు ప్రాణం

ముందు ఒక్క మాట, మన చరిత్ర నుంచి.

1920 జనవరి 31న అంబేడ్కర్ 'మూక్‌నాయక్' మొదలుపెట్టారు. సాహు మహారాజ్ 2,500 రూపాయలు సాయం చేశారు. డబ్బు కడతామన్నా తిలక్ స్థాపించిన 'కేసరి' ఆ పత్రిక ప్రకటన వేయడానికి ఒప్పుకోలేదని అంబేడ్కర్ తర్వాత గుర్తుచేశారు. హైదరాబాద్‌లో 1931లో భాగ్యరెడ్డి వర్మ 'భాగ్యనగర్' పత్రిక పెట్టారు. తెలుగులో 1989లో బొజ్జా తారకం సంపాదకుడిగా 'నలుపు' వచ్చింది. ఈ పత్రికల బలమంతా చందాదారులే. ప్రతి చందాదారుడూ ఒక పేరు, ఒక ఊరు, ఒక పోస్టు చిరునామా. పెద్ద పత్రికల ముందు ఆ సంఖ్య చిన్నదే కావచ్చు. కానీ అది నిజమైన సంఖ్య.

1932లో ఓటు హక్కు ఎవరికివ్వాలో తేల్చడానికి లోథియన్ కమిటీ తిరిగింది. అంబేడ్కర్ అందులో సభ్యుడు. అప్పుడు ఏం జరిగింది? అప్పటిదాకా సెన్సస్ లెక్కల్లో ఉన్న అంటరానివాళ్లు ఉన్నట్టుండి మాయమైపోయారు! సంఖ్యను బట్టి సీట్లు వస్తాయని అర్థం కాగానే యునైటెడ్ ప్రావిన్సెస్, బెంగాల్ లాంటి చోట్ల మా దగ్గర అంటరానివాళ్లు పెద్దగా లేరంటూ వాదనలు లేచాయి. అంబేడ్కర్ విడిగా నోట్ రాసి మరీ ఆ లెక్క కోసం కొట్లాడాల్సి వచ్చింది.

డబ్బు, భూమి, పదవి లేనివాడికి మిగిలే ఆస్తి ఒక్కటే: మేమింతమందిమి ఉన్నాం అని చెప్పగలగడం. ఆ లెక్కను తగ్గించినా, దొంగ లెక్కతో కలిపేసినా దెబ్బ తగిలేది మనకే. దొంగ గుంపు చరిత్రను ఈ కళ్లతో చదవండి.

1994: గేటు మీద ఒక బోర్డు

వెబ్ పుట్టిన కొత్తలోనే బాట్ల గొడవ మొదలైంది. 1994లో మార్టిన్ కోస్టర్ అనే ఇంజినీరు సర్వర్ మీదికి ఒక బాట్ వచ్చి పడింది. ఆగకుండా పేజీలు అడిగీ అడిగీ సర్వర్‌ను ముంచేసింది. దాంతో ఆయన ఒక ఉపాయం చెప్పారు. ప్రతి వెబ్‌సైటూ 'రోబోట్స్ డాట్ టెక్స్ట్' అనే చిన్న ఫైలు పెట్టుకోవాలి. ఏ బాట్ ఎక్కడికి రావచ్చో, ఎక్కడికి రాకూడదో అందులో రాయాలి. వచ్చే బాట్ ముందు అది చదువుకుని దాని ప్రకారం నడుచుకోవాలి.

అది తాళం కాదు, బోర్డు. బోర్డు చూసి ఆగేవాడు ఆగుతాడు. దొంగ ఎందుకాగుతాడు? అయినా మూడు దశాబ్దాలుగా వెబ్ అంతా ఈ పెద్దమనుషుల ఒప్పందం మీదే నడిచింది. దానికి అధికారికంగా ప్రమాణ పత్రం తయారైంది 2022లో. అది కూడా ఇది రక్షణ వ్యవస్థ కాదనే చెబుతుంది. పెద్దమనుషుల ఒప్పందాలు బలహీనుల్ని ఎంతవరకు కాపాడతాయో మనకు కొత్తగా తెలియాలా?

దొంగ క్లిక్కుల బజారు

అదే 1994 అక్టోబరులో 'హాట్‌వైర్డ్' అనే ఆన్‌లైన్ పత్రిక బ్యానర్ ప్రకటనలు వేసింది. వెబ్‌లో వాటినే మొదటివిగా చెబుతారు. అంతవరకు పేజీని ఎంతమంది చూశారన్నది కుతూహలం. ఆ రోజు నుంచి అది డబ్బు. లెక్కకు డబ్బు ముడిపడ్డాక దొంగ లెక్క రాకుండా ఉంటుందా?

తర్వాత క్లిక్కుకింత అని చెల్లించే పద్ధతి వచ్చింది. తమ పేజీలో ప్రకటనను తామే నొక్కించుకుని డబ్బు దండుకోవడం మొదలైంది. 2004లో గూగుల్ ఇలాంటి కేసులో టెక్సాస్ కంపెనీ ఒకదాని మీద దావా వేసింది. రెండేళ్లు తిరక్కముందే గూగుల్ మీదే ప్రకటనదారులు కేసు వేశారు, దొంగ క్లిక్కులకు మా దగ్గర డబ్బు గుంజారని. 2006లో 9 కోట్ల డాలర్ల దాకా ఇస్తామని గూగుల్ రాజీ చేసుకుంది.

పదేళ్లలో అది పరిశ్రమ అయింది. 2016 డిసెంబరులో వైట్ ఆప్స్ అనే భద్రతా సంస్థ 'మెత్‌బాట్' ముఠాను బయటపెట్టింది. వాళ్లు డేటా సెంటర్లలో సర్వర్లు అద్దెకు తీసుకున్నారు. వాటిలో నడిచే ప్రోగ్రాములు మనిషిలాగా మౌస్ కదిపేవి, పేజీని కిందికి జరిపేవి, వీడియోను మధ్యలో ఆపేవి. అమెరికాలో ఇళ్ల నుంచి చూస్తున్నట్టు చిరునామాలు సృష్టించారు. పేరున్న వార్తా సంస్థల వెబ్‌సైట్లను నకిలీగా చూపించి వాటి పేరు మీద ప్రకటనల డబ్బు లాగారు. ముఠా నాయకుడు అలెగ్జాండర్ జుకోవ్‌కు 2021లో అమెరికా కోర్టు పదేళ్ల జైలు వేసింది. 70 లక్షల డాలర్లకు పైగా కొట్టేశాడని తేలింది.

ఈ కథలో మనకు కావాల్సిన సంగతి ఒకటుంది. ఆ డబ్బు ఎవరిది? ప్రకటనదారుడు నిజమైన పత్రికలకు ఇవ్వాల్సింది. మధ్యలో దొంగ గుంపు తినేసింది. నిజంగా చదివించిన రచయిత చేతికి రాలేదు.

ఇంకో రకం మరీ విచిత్రం. 2014, 2015 ప్రాంతాల్లో చిన్న చిన్న వెబ్‌సైట్లు నడిపేవాళ్లకు గూగుల్ అనలిటిక్స్‌లో సందర్శకులు ఒక్కసారిగా పెరిగిపోయారు. తీరా చూస్తే వాళ్లలో చాలామంది అసలు ఆ సైటుకే రాలేదు! లెక్కలు రాసే ఖాతా నంబరు ఊహించి, నేరుగా గూగుల్ పుస్తకంలోకి దొంగ ఎంట్రీలు పంపారు. ఎందుకు? ఎవరో మన పేజీకి లింకు ఇచ్చారని మనం సంబరపడి, ఆ లింకు నొక్కి వాళ్ల దుకాణానికి వెళ్లాలని. దీన్నే రెఫరర్ స్పామ్ అంటారు. బూతుకు రాకుండానే ఓటరు లిస్టులో టిక్కు పడిపోయినట్టు.

"నువ్వు మనిషివేనా?"

బోర్డు పనిచేయకపోయేసరికి కాపలా పుట్టింది. 1997లో ఆల్టావిస్టా అనే సెర్చ్ ఇంజిన్‌కు బాట్లు గుట్టలు గుట్టలుగా లింకులు పంపేవి. అక్షరాల్ని వంకరటింకరగా చూపించి, ఇది చదివి టైపు చేయమని వాళ్లు పరీక్ష పెట్టారు. 2000 ప్రాంతంలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో లూయిస్ వాన్ ఆన్, మాన్యుయెల్ బ్లమ్, వాళ్ల సహచరులు ఈ పరీక్షకు 'క్యాప్చా' అని పేరు పెట్టారు. 2007లో 'రీక్యాప్చా' వచ్చింది. 2009లో దాన్ని గూగుల్ కొనేసింది. మనం టైపు చేసే ఆ వంకర పదాలు పాత పుస్తకాలను, న్యూయార్క్ టైమ్స్ పాత సంచికలను డిజిటల్ చేయడానికి వాడుకున్నారు. మనిషినని నిరూపించుకోవడానికి కోట్లమంది చేసిన వెట్టి అన్నమాట.

ఈ పరీక్షలో మొదట ఫెయిలైంది ఎవరు? బాట్లు కాదు, చూపు లేని మనుషులు. బొమ్మలోని అక్షరాల్ని స్క్రీన్ రీడర్ చదవలేదు. 2005లోనే వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ దీని మీద ప్రత్యేకంగా నోట్ విడుదల చేసింది.

దొంగలు మాత్రం సులువుగా దాటేశారు. ఎలా? మనుషుల్ని కూలికి పెట్టుకుని. 2010లో కాలిఫోర్నియా యూనివర్సిటీ, శాన్ డియేగో పరిశోధకులు ఈ బజారును కూలంకషంగా చదివారు. క్యాప్చాలు పూర్తి చేసే కూలీలు భారత్, బంగ్లాదేశ్, చైనా లాంటి దేశాల్లో ఉన్నారు. వెయ్యి క్యాప్చాలకు కూలి ఒక డాలరు కన్నా తక్కువ. "ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ" అని గోడల మీద పోస్టర్లు చూశారుగా, అలాంటి పనుల్లో ఇదీ ఒకటి. కోట గోడ కట్టించిందీ పేదవాడి చేతనే, దానికి కన్నం వేయించిందీ పేదవాడి చేతనే. లాభం రెండు వైపులా ఇంకెవరిదో.

"నువ్వు మనిషివేనా, నిరూపించుకో" అనే ప్రశ్న మిగతావాళ్లకు చిన్న చికాకు. మనకు అది పాత ప్రశ్న. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు దగ్గరికి అంబేడ్కర్ వేలమందిని నడిపించింది ఆ ప్రశ్నకు జవాబుగానే. కాబట్టి మన గుమ్మంలో ఆ ప్రశ్న పెట్టే ముందు, దాని బరువు ఎవరి మీద పడుతుందో పదిసార్లు ఆలోచించాలి.

2016: క్యూ నింపేసిన సంవత్సరం

ఇప్పుడు రెండో రకం రిగ్గింగు. టెక్నికల్ భాషలో డీడాస్ దాడి అంటారు. వేలూ లక్షల యంత్రాలు ఒకేసారి ఒక సైటు మీద పడి పేజీలు అడుగుతాయి. సర్వర్ వాటికి జవాబు చెప్పలేక కూలబడుతుంది. నిజమైన పాఠకుడికి ఖాళీ పేజీ కనిపిస్తుంది.

బ్రయాన్ క్రెబ్స్ అనే అమెరికన్ జర్నలిస్టు ఒంటరిగా ఒక వెబ్‌సైటు నడుపుతాడు. సైబర్ నేరగాళ్ల గుట్టు విప్పడం ఆయన పని. 2016 సెప్టెంబరులో, డబ్బు తీసుకుని ఇలాంటి దాడులు చేసిపెట్టే ఒక ముఠా గురించి రాశాడు. ఇజ్రాయెల్‌లో ఇద్దరు కుర్రాళ్లు అరెస్టయ్యారు. అదే నెల 20న ఆయన సైటు మీద సెకనుకు దాదాపు 620 గిగాబిట్ల దొంగ ట్రాఫిక్ వచ్చి పడింది. అప్పటిదాకా ప్రపంచం చూసిన అతిపెద్ద దాడుల్లో అదొకటి.

ఆ యంత్రాలు ఎక్కడివి? సీసీ కెమెరాలు, ఇళ్లలో రౌటర్లు, వీడియో రికార్డర్లు. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన పరికరాలు. 'మిరాయ్' అనే ప్రోగ్రాం అరవై చిల్లర తెలిసిన పాస్‌వర్డ్‌లు వరసగా కొట్టి చూసి వాటిని పట్టేసింది. షాపు ముందు కెమెరా పెట్టుకున్నవాడికి తన కెమెరా ఒక విలేకరి గొంతు నొక్కుతోందని తెలియనే తెలియదు.

క్రెబ్స్‌కు అకమై అనే పెద్ద కంపెనీ ఉచితంగా రక్షణ ఇస్తూ ఉండేది. దాడి మూడో రోజుకు అది చేతులెత్తేసింది. డబ్బు కట్టే కస్టమర్లకు ఇబ్బంది అవుతోందని చెప్పింది. అలాంటి రక్షణ కొనాలంటే ఏడాదికి లక్షన్నర నుంచి రెండు లక్షల డాలర్లు అవుతుందని క్రెబ్స్‌కు చెప్పారు. ఒక్క విలేకరి ఎక్కడి నుంచి తెస్తాడు? సైటు చీకటైపోయింది. చివరికి గూగుల్ 'ప్రాజెక్ట్ షీల్డ్' ఆశ్రయం ఇస్తే సెప్టెంబరు 25న మళ్లీ వెలిగింది.

ఆలోచించండి. ఏ ప్రభుత్వమూ నిషేధించలేదు. ఏ కోర్టూ ఆపమనలేదు. గుంపును అద్దెకు తెచ్చుకోగలిగినవాడు ఒక గొంతును మూయించాడు. ఆ గొంతు తెరుచుకుందీ ఇంకో పెద్ద కంపెనీ దయతో.

మిరాయ్ రాసింది ముగ్గురు కుర్రాళ్లు. 2017 డిసెంబరులో వాళ్లు నేరం ఒప్పుకున్న సంగతి బయటికొచ్చింది. అందులో ఒక వివరం చాలామంది పట్టించుకోలేదు. వాళ్లలో కొందరు తర్వాత లక్షకు పైగా పరికరాలను పట్టి, వాటితో ప్రకటనల మీద దొంగ క్లిక్కులు కొట్టించి డబ్బు చేసుకున్నారు. అంటే రెండు రకాల రిగ్గింగూ ఒకే బడిలో నేర్చిన విద్య. లేని పాఠకుణ్ణి పుట్టించే చేయీ, ఉన్న పాఠకుణ్ణి ఆపే చేయీ వేరు కాదు.

అదే ఏడాది ఇంకో చోట. అమెరికాలో నల్లవాళ్లను పోలీసులు చంపడానికి వ్యతిరేకంగా లేచిన 'బ్లాక్ లైవ్స్ మ్యాటర్' ఉద్యమం వెబ్‌సైటు మీద 2016 ఏప్రిల్ చివరి నుంచి అక్టోబరు మధ్య దాకా వందకు పైగా ఇలాంటి దాడులు జరిగాయి. ఈ లెక్క చెప్పింది ఆ సైటుకు రక్షణ ఇచ్చిన 'డిఫ్లెక్ట్'. అది కెనడాలోని ఒక సంస్థ ఉద్యమ సంఘాల కోసం నడిపే సేవ. కొన్ని దాడుల్లో వాడిన ఆయుధం ఏమిటో తెలుసా? వర్డ్‌ప్రెస్‌లోని 'పింగ్‌బ్యాక్' అనే సౌకర్యం. నా వ్యాసానికి నువ్వు లింకు ఇచ్చావా అని ఒక సైటు ఇంకో సైటును పలకరించే పద్ధతి అది. దాన్ని మోసగించి వేల సైట్లు ఒకేసారి ఒకే గుమ్మం మీద పడేలా చేస్తారు. 2014లో సుకూరి అనే సంస్థ గమనించిన ఒక దాడిలో 1,62,000కు పైగా వర్డ్‌ప్రెస్ సైట్లు, వాటి యజమానులకే తెలియకుండా పాల్గొన్నాయి. కవిత్వం రాసుకునేవాడి సైటు, వంటల సైటు, చిన్న సంఘం సైటు, అన్నీ ఎవరి మీదో రాళ్లు వేశాయి. మన సైటును మనం సరిగా చూసుకోకపోతే అది మనలాంటి ఇంకొకరి మీద పడే రాయి అవుతుంది.

ఫిలిప్పీన్స్ సంగతి ఇంకా ఘాటైనది. 2018 డిసెంబరు నుంచి 'బులాట్‌లాట్', 'కొడావ్', 'పినోయ్ వీక్లీ', 'ఆల్టర్‌మిద్యా' లాంటి ప్రత్యామ్నాయ వార్తా సైట్ల మీద వరస దాడులు జరిగాయి. రైతుల గురించి, కార్మికుల గురించి రాసే సైట్లవి. వాళ్లు ఊరుకోలేదు. స్వీడన్‌లోని క్యూరియం అనే సంస్థ సాయంతో ట్రాఫిక్ ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకున్నారు. 2019 మార్చిలో రెండు కంపెనీల మీద కోర్టుకెక్కారు. తర్వాతి ఏడాది అది రాజీతో ముగిసింది. 2021లో మళ్లీ దాడులు జరిగినప్పుడు ఒక జాడ ఆ దేశ సైన్యానికి కేటాయించిన చిరునామా దాకా వెళ్లింది. ఆ కేటాయింపు నిజమేనని అక్కడి ప్రభుత్వ సైబర్ విభాగమే చెప్పింది. వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం ఏమిటి? సర్వర్ లాగ్‌లు. ఎవరు, ఎప్పుడు, ఎన్నిసార్లు తలుపు కొట్టారో రాసిపెట్టిన చిట్టా. దెబ్బ తిన్నవాడు లెక్క రాసుకుంటే అది సాక్ష్యమవుతుంది.

కొత్త గుంపు

ఇప్పుడు ఏఐ కంపెనీల బాట్లు వచ్చాయి. వీటి ఉద్దేశం మన సైటును పడగొట్టడం కాదు, మన రాతల్ని మేసి పోవడం. కానీ పొలం యజమానికి ఆవు మేసినా, ఏనుగు తొక్కినా పంట పోయినట్టే. సాఫ్ట్‌వేర్ పత్రాలు ఉచితంగా అందించే 'రీడ్ ద డాక్స్' అనే సంస్థ దగ్గర 2024 మే నెలలో ఒకే ఒక్క బాట్ 73 టెరాబైట్లు దించుకుపోయింది. బిల్లు 5,000 డాలర్లకు పైగా వచ్చింది. వికీపీడియా నడిపే వికీమీడియా సంస్థ 2025 ఏప్రిల్‌లో ఒక లెక్క చెప్పింది: తమకు అత్యధిక ఖర్చు పెట్టించే ట్రాఫిక్‌లో 65 శాతం బాట్లదే.

అదే వికీమీడియా 2025లో ఇంకో సంగతి బయటపెట్టింది. మే, జూన్ నెలల్లో బ్రెజిల్ నుంచి పాఠకులు విపరీతంగా పెరిగినట్టు కనిపించారు. అనుమానం వచ్చి తవ్వితే అందులో చాలా భాగం మనుషుల్లా నటించే బాట్లు. వాటిని తీసేసి చూస్తే మనుషుల చూపులు అంతకు ముందు ఏడాది కన్నా 8 శాతం దాకా తగ్గాయి. అంత పెద్ద సంస్థే, అంతమంది ఇంజినీర్లున్న సంస్థే, పెరుగుతున్నామనుకుంది. నిజానికి తగ్గుతోంది. ఇక మన చిన్న సైట్లు వ్యూస్ చూసి మురిసిపోవడంలో అర్థమేముంది?

2024లో మొత్తం వెబ్ ట్రాఫిక్‌లో 51 శాతం యంత్రాలదేనని ఇంపెర్వా అనే సంస్థ అంచనా వేసింది. వాళ్లు రక్షణ అమ్ముకునేవాళ్లు, తాళాలు అమ్మేవాడు దొంగల లెక్క ఎక్కువే చెబుతాడని గుర్తుంచుకోండి. సగానికి కాస్త అటో ఇటో, మన గుమ్మం ముందు నిలబడ్డవాళ్లందరూ మనుషులు కారన్నది మాత్రం ఖాయం.

మన గేటు ఎలా ఉండాలి

చరిత్ర చెప్పుకున్నాం. ఇప్పుడు పని.

మొదటిది, వ్యూస్‌ను నమ్మడం మానండి. ఒకే నిమిషంలో వందల పేజీలు తెరుచుకున్నాయా, పేజీలో అర సెకను కూడా ఆగకుండా వెళ్లిపోయారా, తెలుగు వ్యాసానికి ఏ సంబంధమూ లేని దేశం నుంచి తెల్లవారుజామున గుంపు దిగిందా, ఇవి చూడండి. అనలిటిక్స్ చెప్పే అంకెను సర్వర్ లాగ్‌తో పోల్చండి. నిజమైన పాఠకుడి గుర్తు వేరే ఉంటుంది. ఉత్తరం రాస్తాడు, తప్పు పట్టుకుంటాడు, స్టడీ సర్కిల్‌లో చదివి వినిపిస్తాడు.

రెండోది, డబ్బిచ్చి వ్యూస్, ఫాలోవర్లు కొనకండి. మీటింగుకు బిర్యానీ ప్యాకెట్లిచ్చి జనాన్ని తోలే పార్టీలను తిడతాం కదా! అదీ ఇదీ ఒకటే. పైగా దొంగ ట్రాఫిక్ కనిపిస్తే ప్రకటనల కంపెనీలు మన ఖాతానే మూసేస్తాయి. ఎవడో పంపిన దొంగ గుంపుకు కూడా శిక్ష మనకే పడవచ్చు. అందుకే అనుమానం రాగానే మీరే ముందు వాళ్లకు తెలియజేయండి, లాగ్‌లు దాచండి.

మూడోది, సైటును తేలిక చేయండి. ప్రతిసారీ డేటాబేస్‌ను కదిలించకుండా, ముందే తయారుచేసిన పేజీని అందించే క్యాషింగ్ పెట్టండి. వేయి మంది వచ్చినా తట్టుకుంటుంది. పాత నోకియా ఫోనులో చదివే తమ్ముడికీ త్వరగా తెరుచుకుంటుంది. సెర్చ్ పెట్టె, లాగిన్ పేజీ లాంటి బరువైన చోట్ల నిమిషానికి ఇన్నిసార్లే అని పరిమితి పెట్టండి. పింగ్‌బ్యాక్‌లు ఆపేయండి. ఇంట్లో రౌటరు, ఆఫీసులో కెమెరా పాస్‌వర్డ్‌లు ఈ రోజే మార్చండి.

నాలుగోది, ఐపీ చిరునామాను బట్టి గుడ్డిగా బ్లాక్ చేయకండి. మన దేశంలో మొబైల్ డేటా వాడే ఎంతోమంది ఒకే పబ్లిక్ చిరునామా వెనక ఉంటారు. ఒక్క బాట్ కోసం ఆ చిరునామా మూస్తే, హాస్టల్‌లో కూర్చుని ఫోనులో చదివే మన పిల్లలంతా బయటపడతారు. ఒకడు తప్పు చేశాడని వాడ మొత్తాన్ని వెలేసినట్టే అది. దేశాలకు దేశాలు మూయడమూ అంతే, గల్ఫ్‌లో పనిచేసే మన అన్నలు అక్కడి నుంచే చదువుతారు. సందర్శకుడి ఫోను చేతనే లెక్కలు చేయించి అప్పుడు లోపలికి వదిలే కొత్త గేట్లున్నాయి. పాత ఫోనులకు వాటి భారం ఎక్కువ. గేటు పెట్టే ముందు మీలో అందరికన్నా చవక ఫోను ఉన్నవాళ్ల చేత తెరిపించి చూడండి.

ఐదోది, ఆశ్రయం ముందే చూసుకోండి. దాడి మొదలయ్యాక వెతుక్కుంటే ఆలస్యం. మానవ హక్కుల సంఘాలకు, స్వతంత్ర పత్రికలకు ఉచితంగా రక్షణ ఇచ్చేవి ఉన్నాయి. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లు 2014లో మొదలుపెట్టిన 'ప్రాజెక్ట్ గెలీలియో', గూగుల్ 'ప్రాజెక్ట్ షీల్డ్', ఇందాక చెప్పిన 'డిఫ్లెక్ట్'. దరఖాస్తు పెట్టుకోండి. అయితే ఒకటి మరవకండి. గేటు దగ్గర కూర్చున్నవాడికి ఎవరెవరు వచ్చి పోతున్నారో కనిపిస్తుంది. మన పాఠకుల్లో ప్రభుత్వ ఉద్యోగులున్నారు, కులం దాచుకుని బతకాల్సి వస్తున్నవాళ్లున్నారు. లాగ్‌లు అవసరమైనన్ని రోజులే ఉంచి, తర్వాత చెరిపేయండి.

ఆరోది, ఒక్క గుమ్మం మీదే ఆధారపడకండి. ప్రతి వ్యాసం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దాచండి, పీడీఎఫ్ చేసి పెట్టండి, ముఖ్యమైనవి అచ్చు వేయండి. సైటు పడిపోయినా వ్యాసం చేతులు మారుతూనే ఉండాలి.

చివరిగా, మీ పాఠకుల పట్టిక మీరే రాసుకోండి, వాళ్ల అనుమతితో. యాభై మంది పేర్లుంటే యాభై. 'మూక్‌నాయక్' చందా పుస్తకం లాగా. లక్ష వ్యూస్ చూపించే సైటుకు ధర్నాకు పిలిస్తే పదిమంది రాకపోవచ్చు. ఆ యాభై మంది ఫోను చేస్తే వస్తారు.

దొంగ గుంపుకు సంఖ్య ఉంటుంది, మనిషి ఉండడు. మన బలం అందుకు తలకిందులు. సంఖ్య చిన్నదైనా ప్రతి అంకె వెనకా ఒక మనిషి నిలబడి ఉండాలి. 1932లో లెక్కల్లోంచి మాయం చేయబోతే అంబేడ్కర్ కొట్లాడింది ఆ మనుషుల కోసమే. ఇప్పుడు ఆ లెక్క పుస్తకం మన చేతిలో ఉంది. అందులో దొంగ ఎంట్రీలు పడకుండా, నిజమైన పేరు ఒక్కటీ కొట్టివేతకు గురికాకుండా చూసుకోవాల్సింది మనమే.

సొంత సైటు ఉన్నవాళ్లు ఈ వారం లాగ్‌లు తెరిచి చూడండి. ఎలా చూడాలో తెలియకపోతే మీ ఊళ్లో కంప్యూటర్ చదువుతున్న మన పిల్లల్ని అడగండి, వాళ్లకూ ఇది మంచి పాఠం.

జై భీమ్.